బేగంపేటలో కొన్న బందరు

మాది బందరు. ఈ ముక్క చెప్పగానే మీ మనసులోకి లడ్డు వచ్చేసి ఉంటుందని నాకు తెలుసు. రానివ్వండి. ఐదు రోజులు సికింద్రాబాద్‌లో ఉండి వచ్చిన నాకు ఇప్పుడు ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతోంది. వెళ్ళొచ్చినవాళ్ళు చూసిన వింతలు చెబుతారు. నాకు కడుపు మండిన సంగతులే ఎక్కువ గుర్తున్నాయి, కాబట్టి అవే చెబుతాను.

షికారుకి వెళ్ళలేదు. మా చెల్లెలు రాజ్యం కూతురు శిరీష పురిటికి పుట్టింటికి వచ్చి, మగపిల్లవాణ్ణి కని, ఐదో నెల రాగానే పద్మారావు నగర్‌లోని అత్తవారింటికి తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. బిడ్డతో వెళ్ళే పిల్ల వెంట సారె వెళ్ళాలి. ఆ సారెని అత్తగారు ఇరుగుపొరుగుకీ బంధువులకీ పంచాలి. నలుగురూ తిని బాగుందంటే పుట్టింటికి పరువు, లేకపోతే ఆ మాట ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. మాకు నిలిచిపోయిన మాట ఒకటి ముందే ఉంది. శిరీష పెళ్ళికి సారె మా ఊరి మిఠాయి కొట్లో కొని పంపాం. వియ్యపురాలు వరలక్ష్మి గారు పళ్ళేల మీది గుడ్డ ఎత్తి చూసి, "అన్నీ కొట్టువే అన్నమాట" అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ ఒక్కటీ మా రాజ్యానికి గుండెలో ముల్లులా ఉండిపోయింది.

అందుకని ఈసారి తనే చేసింది. ఆ లడ్డు చెయ్యడం అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. శనగపిండి కలిపి, పూస వేసి, కాగిన నూనెలో వేయించాలి. వేగిన పూసని రోట్లో వేసి పొడి అయ్యేదాకా దంచాలి, జల్లించాలి. బెల్లం పాకం పట్టి ఆ పొడి అందులో కలపాలి. ఇక్కడితో ఆపేస్తే అది మామూలు ఉండే. మళ్ళీ రోట్లో వేసి, కొంచెం కొంచెంగా నెయ్యి పోస్తూ, ముద్ద మెత్తబడి రోకలికి అంటుకోకుండా జారేదాకా తొక్కాలి. రోకలితో దంచడాన్ని మేం తొక్కడం అనే అంటాం. అందుకే అది తొక్కుడు లడ్డు. రాజ్యానికి కుడి భుజం నొప్పి, చెయ్యి పైకెత్తితే కళ్ళనీళ్ళు తిరుగుతాయి. మనిషిని పెట్టుకుందామంటే వద్దంది, నేను సాయం వస్తానంటే జల్లెడ చేతికిచ్చి కూర్చోబెట్టింది. రోకలి మాత్రం ముట్టుకోనివ్వలేదు.

ఇంకో సంగతి. మా ఊళ్ళో ఇళ్ళల్లో దాన్ని ఎవరూ బందరు లడ్డు అనరు. బందరు అంటే మాకు ఊరు, అంతే. ఆఫీసు కాగితాల్లో మచిలీపట్నం, నోటితో బందరు. బెజవాడ దాటితే చాలు, ఊరు ఊడిపోయి లడ్డు మిగులుతుంది. సముద్రం ఉంది, కోనేరు సెంటరు ఉంది, ఇంతమందిమి బతుకుతున్నాం. అయినా అడిగేది ఒక్కటే.

రైల్లో

పొద్దున్నే రైల్లో లేచేసరికి ఎదుటి బెర్తు పెద్దాయన మమ్మల్నే చూస్తున్నాడు. మల్కాజ్‌గిరి ఆయన, మనవరాలి పెళ్ళి పిలుపులకు వెళ్ళి తిరిగి వస్తున్నాడట. రాజ్యం ఒడిలో పెద్ద స్టీలు డబ్బా, దానికి పసుపు గుడ్డ వాసెన కట్టి ఉంది. పక్కన శిరీష, దాని ఒళ్ళో పిల్లాడు.

"ఎక్కడికెల్లి వస్తున్నరమ్మా?" అన్నాడాయన.

"బందరు నుంచండీ."

ఆయన ముఖం విప్పారింది. "అరె, బందరు లడ్డు. ఆ డబ్బాల గవేనా? జెర రుచి సూపియ్యరాదు."

సారె డబ్బా అత్తవారి గడపలో విప్పాలి గాని దారిలో విప్పకూడదు. ఆ సంగతి చెబితే ఆయన నమ్మలేదు. బందరు నుంచి వస్తూ లడ్డు పెట్టనివాళ్ళని మమ్మల్నే చూస్తున్నానన్నాడు. నా సంచిలో చెక్కలుంటే తీసి ఇచ్చాను. తిని, మస్తున్నయి అన్నాడు గాని కళ్ళు మాత్రం డబ్బా మీదే ఉన్నాయి. మా ఊరికి సముద్రం ఎంత దూరమనిగాని, పోయినసారి తుఫానుకి ఏమైపోయామనిగాని ఆయనకి అడగాలనిపించలేదు.

స్టేషను బయట ఆటో అతను ఇంకా నయం. బందర్ అంటే మా దిక్కు కోతి గదమ్మా అని నవ్వాడు. కాదు నాయనా, రేవు అని అర్థం, ఓడలు ఆగే చోటు అన్నాను. "మరి ఓడల కాడికి లడ్డు ఎట్లొచ్చింది?" అన్నాడు. పిల్లాడు ఏడుపు మొదలెట్టాడు కాబట్టి బతికిపోయాడు.

పద్మారావు నగర్: డబ్బా విప్పడం

వాళ్ళది నాలుగో అంతస్తు. వరలక్ష్మి గారి వాళ్ళది శ్రీకాకుళం వైపు, హైదరాబాద్ వచ్చి ముప్ఫై ఏళ్ళయిందట. ఆవిడ చెడ్డ మనిషని నేను అనను. గుమ్మంలో తల్లికీ బిడ్డకీ దిష్టి తీసి, హారతి ఇచ్చి, మనవణ్ణి ఎత్తుకుని కన్నీళ్ళు పెట్టుకున్నారు. మాకు వేడివేడి ఉప్మా, పెసరట్లు పెట్టారు. రాజ్యం భుజం నొప్పి సంగతి విని తన మంచం ఖాళీ చేసి ఇచ్చారు. అందుకే తర్వాత జరిగింది నాకు ఇంకా మింగుడుపడలేదు.

పసుపు కుంకుమ, చలిమిడి, చీర అన్నీ అయ్యాక రాజ్యం డబ్బా ముందుకు జరిపి వాసెన విప్పింది. నెయ్యి వాసన గదంతా కమ్ముకుంది. వరలక్ష్మి గారు వంగి చూశారు.

"ఇవేటండీ వదినగారూ?"

"లడ్లండీ. తొక్కుడు లడ్డు. నేనే దంచి చేశాను."

"అయితే బందరు లడ్డు కాదా?"

"అదేనండీ ఇది."

"కాదండీ," అన్నారు వరలక్ష్మి గారు నెమ్మదిగా, ఏమీ తెలియని పిల్లకి చెప్పినట్టు. "బందరు లడ్డు మాకు తెలుసు కదా. పచ్చగా, నున్నగా ఉంటాది. పైన జీడిపప్పు గుచ్చి ఉంటాది. ఇవేటో నల్లగా ఉన్నాయి. బెల్లమేటి?"

బెల్లమేనంది రాజ్యం. వరలక్ష్మి గారు ఒక లడ్డు చివర తుంచి నోట్లో వేసుకుని, బాగానే ఉంది అని తలూపారు. తర్వాత కొడుకు కిరణ్‌ని పిలిచారు. "ఒరేయ్, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు ఆ బేగంపేట కొట్టులో బందరు లడ్డు డబ్బాలు పట్రా. మన ఫ్లాట్స్ వరకూ. మల్కాజ్‌గిరి చుట్టాలవి తర్వాత చూద్దాం. ఇవి ఇంట్లోకి ఉంచుకుందాం లెండి, వదినగారూ. బయటవాళ్ళకి ఇలా విడిగా ఇస్తే బాగోదు."

కిరణ్ మంచి కుర్రాడే. తల్లి చెప్పిందని ఆ డబ్బా ఎత్తి అటక మీద పెట్టాడు. పాత సూట్‌కేసుకీ కూలర్‌కీ మధ్య. పెళ్ళినాడు కొట్టువి అని ఎత్తిపొడిచిన మనిషి ఇంట్లో చేసినవి అటకెక్కించి కొట్టువి తెప్పిస్తోంది. నేను నోరు తెరిచాను. రాజ్యం నా తొడ మీద గిల్లింది, గోళ్ళు దిగేలా.

వెనక బాల్కనీలో వాషింగ్ మెషిన్ పక్కన నన్ను నిలబెట్టి చేతులు పట్టుకుంది. "అక్కా, నీకు దణ్ణం పెడతాను. నువ్వు నాలుగూ అనేసి రైలెక్కుతావు. పిల్ల ఇక్కడ ఉండాలి."

ఏమంటాను? ఆడపిల్లవాళ్ళం. నోరు మూసుకోవడం కూడా సారెలో ఒక వస్తువే, అది మాత్రం ఎవరూ అటకెక్కించరు.

మోండా మార్కెట్

మర్నాడు తాంబూలానికి తమలపాకులు కావాలంటే నేను తెస్తానని బయల్దేరాను. ఇంట్లో ఉంటే ఏదో ఒకటి అనేస్తానని భయం. మోండా మార్కెట్ చూస్తే కొంత ప్రాణం లేచొచ్చింది. ఒక సందంతా కూరలు, ఒక సందంతా పూలు, ఇంకో సందులో ఇత్తడి సామాను. మా ఊళ్ళో ఇరవైకి వచ్చే తమలపాకుల కట్టకి ఇక్కడ నలభై అడిగింది ఒకావిడ. ఇవేం బంగారపు ఆకులా అన్నాను. ఎండకి వాడిపోకుండా రోజంతా నీళ్ళు చల్లేది ఎవరనుకున్నావు, చల్లి చూడు అంది. బేరమాడితే ముప్ఫై ఐదుకి ఇచ్చింది.

"ఏ ఊరమ్మా మీది?" అంది కట్ట చుడుతూ.

"బందరు."

"లడ్డు తెచ్చినవా మరి?"

"తెచ్చాను. అటక మీద ఉంది."

ఆవిడకి అర్థం కాలేదు గాని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. పక్కనే ఒక ఇరానీ హోటల్లో చాయ్ తాగాను. మీగడ తేలుతూ చిక్కగా బాగుంది. మా ఊళ్ళో అంత చిక్కటి టీ పెళ్ళిళ్ళలో కూడా పొయ్యరు. ఆ ఒక్క దానికి మాత్రం ఈ ఊరిని మెచ్చుకోవాల్సిందే.

పంపకం

సాయంత్రానికి కిరణ్ తెచ్చిన డబ్బాలు బల్ల మీద పేర్చి ఉన్నాయి. ఎర్రటి అట్ట, దాని మీద కొబ్బరిచెట్టు, పడవ, బంగారు రంగులో ఇంతేసి అక్షరాలతో 'బందరు లడ్డు'. మా ఊరి పేరు అంత అందంగా మా మునిసిపాలిటీ వాళ్ళు కూడా ఎప్పుడూ రాయించలేదు. మూత తీశాను. పసుపు ముంచినట్టున్న ఉండలు, ఒక్కో దాని నెత్తిన ఒక జీడిపప్పు. ఒకటి నోట్లో వేసుకున్నాను. పంచదార పళ్ళ కింద కరకరలాడింది. రోలు ముఖం చూసిన సరుకు కాదు. పిండిని వేయించి పంచదార పొడి కలిపి మిషన్లో చుట్టేసిందని చిన్నపిల్ల కూడా చెప్పగలదు.

తాంబూలంతో పాటు ఇంటింటికీ ఒక డబ్బా. వరలక్ష్మి గారు ముందు, రాజ్యం వెనక, పళ్ళెం పట్టుకుని నేను. ప్రతి గుమ్మంలోనూ ఆవిడ ఒకటే మాట, "మా కోడలి పుట్టింటివారు బందరు నుంచి తెచ్చారు." మూడో అంతస్తులో సువర్ణ అని ఒకావిడ, స్కూల్లో లెక్కలు చెబుతుందట, గుమ్మంలోనే డబ్బా తెరిచి ఒకటి కొరికింది.

"మస్తున్నయ్ ఆంటీ. అచ్చం మా బేగంపేట షాపుల లెక్కనే ఉన్నయ్. మీ ఊర్ల గూడ గిట్లనే చేస్తరా?"

ఇది రాజ్యాన్ని అడిగింది. నా చెల్లెలు, ఒక చెయ్యి పైకెత్తలేని నా చెల్లెలు, నవ్వు ముఖం పెట్టి, "అవునమ్మా, ఇలాగే" అంది. నా చేతిలో పళ్ళెం ఒరిగి వక్కలన్నీ మెట్ల మీద పడ్డాయి. అవి ఏరుకోవడానికి వంగాను కాబట్టి నా ముఖం ఎవరికీ కనిపించలేదు.

రాత్రి వంటకి చిక్కుళ్ళు వలుస్తూ వరలక్ష్మి గారు తనంతట తనే ఒక మాట చెప్పారు. శిరీష సీమంతానికి ఆవిడ ఇంట్లో బియ్యప్పిండీ బెల్లంతో పోకుండలు చేసి ఈ ఫ్లాట్లలో పంచారట. ఒకావిడ తిని, ఇంట్లో చేసినట్టే ఉన్నాయండీ అని పక్కావిడ వైపు చూసి నవ్విందట. "అప్పుడే అనుకున్నాను వదినగారూ, ఇంక ఈ ఊళ్ళో ఇంట్లోవి పంచకూడదని." ఆవిడకీ ఒక ముల్లుందన్నమాట. జాలి వేసింది. అయినా తన ముల్లు తీసి మా చెల్లెలికి గుచ్చడం ఏం న్యాయం అనుకున్నాను. శనివారం సాయంత్రానికి మల్కాజ్‌గిరి బంధువుల కోసం ఇంకో ఎనిమిది డబ్బాలు కావాలని ఆవిడే గుర్తుచేశారు. "నేను పట్టుకొస్తాను," అన్నాను వెంటనే. డబ్బులిస్తానంటే వద్దన్నాను. రాజ్యం నా వైపు అనుమానంగా చూసింది.

బేగంపేట

వెళ్ళేముందు పిల్లాడికి కాళ్ళు నొక్కుతూ శిరీషని అడిగాను, ఆ అటక మీది డబ్బాలోంచి ఒక్క లడ్డు ఇవ్వవే అని. అది ఎందుకని అడగలేదు. స్టూలెక్కి తీసి, కాగితంలో చుట్టి నా సంచిలో వేసింది.

మెట్రోలో బేగంపేట వెళ్ళాను. ఆ కదిలే మెట్లంటే నాకు చచ్చే భయం. కాలు పెట్టాలా వద్దా అని చూస్తుంటే వెనక జనం ఆగిపోయారు. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్న ఒక అమ్మాయి, "ఆంటీ, కిందకి చూడకండి, నన్ను పట్టుకోండి" అని పైదాకా తీసుకెళ్ళింది. కాకినాడ పిల్లట. ఏ ఊరని నన్ను అడగబోతే, పని ఉందమ్మా అని పారిపోయాను. నిజంగానే ఆ అమ్మాయి నోటి నుంచి కూడా లడ్డు మాట వినే ఓపిక లేదు.

కొట్టు అద్దాలతో, చల్లగా, మందుల షాపులా ఉంది. కిలో ఏడువందల ఎనభై అని రాసిన చీటీ వెనక ఆ పచ్చటి ఉండలు కొండలా పోసి ఉన్నాయి. గల్లా దగ్గర యజమాని, యాభై ఏళ్ళుంటాయి, మర్యాదస్తుడు. నా ముఖం చూసి ముందు మంచినీళ్ళు తెప్పించాడు.

"ఇవి బందరు నుంచి వస్తాయా?" అన్నాను.

"లేదమ్మా, మనదే వర్క్‌షాపుంది. రోజూ ఫ్రెష్."

"చేసేవాళ్ళు బందరువాళ్ళా?"

"బీహార్ పిల్లగాండ్లు."

"మరి బందరు అని ఎందుకు రాశారు?"

ఆయన నా వైపు ఓపిగ్గా చూశాడు. "అమ్మా, బందరు అంటే ఊరు గాదు. ఐటమ్ పేరు."

చూశారా. నేను పుట్టి పెరిగిన ఊరు, మా అమ్మానాన్నల చితి కాలిన ఊరు, ఇప్పటికీ రోజూ పాలవాడితో పోట్లాడుతున్న ఊరు, బేగంపేటలో ఐటమ్ అయిపోయింది. సంచిలోంచి రాజ్యం లడ్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. తిని చెప్పమన్నాను. ఆయన వద్దనలేదు. సగం కొరికి, కళ్ళు మూసుకుని నమిలి, మిగతా సగం కూడా తినేశాడు.

"మంచిగుందమ్మా," అన్నాడు. "మస్తుంది. మా నాయనమ్మ యాదికొచ్చింది. కానీ ఇది బందరు లడ్డు గాదు."

"ఇది బందరులో చేసింది. బందరు మనిషి చేసింది."

"అయితే ఏందమ్మా? ఇది పెట్టి గా పేరు రాస్తే కస్టమర్ వాపస్ తెస్తడు. డూప్లికేట్ ఇచ్చినవంటడు. నాకే పరేషాన్." వేలు నాకి చేతులు తుడుచుకున్నాడు. "మైసూర్‌పాక్ ఉంది, మైసూరు నుంచి వస్తదా?"

మా బస్టాండు పక్కన హైదరాబాద్ బిర్యానీ అని బోర్డు పెట్టినవాడు బెజవాడ కూడా దాటి ఉండడు. వాడి దగ్గర నేను ఎన్నిసార్లు తిన్నానో. ఆ సంగతి గుర్తొచ్చి మరింత మండింది. మా ఊరు గిల్టు నగలకి పెట్టింది పేరండీ అన్నాను. దేశమంతా పోతాయి, చూస్తే బంగారమే అనిపిస్తాయి, కానీ మా వాళ్ళు గిల్టని చెప్పే అమ్ముతారు, బంగారమని రాయరు అన్నాను. ఆయన ఆలోచించాడు. "మేం సుత బంగారం అంటలేం గదమ్మా. లడ్డు అంటున్నం."

అటువంటివాడితో ఏం వాదిస్తాం? ఎనిమిది డబ్బాలు కట్టమందామని నోరు తెరిచాను. అప్పుడు చూశాను, గల్లా వెనక ఖాళీ డబ్బాలు. అట్టలు మడిచి, బొత్తులుగా పేర్చి ఉన్నాయి. కొబ్బరిచెట్టు, పడవ, మా ఊరి పేరు.

"ఖాళీవి ఇస్తారా?"

"లడ్డు లేకుంటనా?"

"లడ్డు నా దగ్గర ఉంది."

ఆయనకి అప్పుడు అర్థమైంది. నవ్వలేదు, అది చెప్పుకోవాలి. డబ్బా పదిహేను పడతదమ్మా అన్నాడు. ఎనిమిది అడిగితే చేతికి తొమ్మిది వచ్చాయి, ఉండనివ్వమని తొమ్మిదికీ డబ్బిచ్చాను, రబ్బరు బ్యాండు వేసి ఇచ్చాడు.

తలుపు వెనక

డబ్బాలు నా సంచిలో ఉన్నాయని వరలక్ష్మి గారికి రాత్రే చెప్పేశాను, ఖాళీవని శిరీషకి మాత్రం చెప్పాను. ఆదివారం పొద్దున వరలక్ష్మి గారు పూజలో ఉన్నారు. కిరణ్ కారు కడిగించడానికి కిందకి వెళ్ళాడు. రాజ్యం పిల్లాడికి నలుగు పెడుతోంది. శిరీష గదిలోకి నన్ను లాగి గడియ వేసింది. ఈసారి స్టూలు నేనెక్కాను. డబ్బా దించబోతూ కూలర్‌కి మోకాలు కొట్టుకున్నాను. ఆ కమిలిన మచ్చ ఇంకా పోలేదు.

మంచం మీద పేపరు పరిచి ఎనిమిది డబ్బాలూ మడతలు విప్పి నిలబెట్టాం. ఒక్కో దాంట్లో నాలుగేసి లడ్లు.

"అత్తయ్యకి తెలిస్తే?" అన్నాను.

"తెలుస్తుంది పెద్దమ్మా. రంగు కనిపిస్తుంది కదా. తెలిసినా అందరి ముందూ ఏమనగలరు? డబ్బా మీద రాసే ఉంది." మూతలు నొక్కుతూ ఆగింది. "ఆ రోజు మూడో ఫ్లోర్లో అమ్మ అవునంది చూడు, అది నేను పైన మన తలుపు దగ్గర నిలబడి విన్నాను. తర్వాత ఏమైనా నేను పడతాను. అమ్మకి మాత్రం చెప్పకు."

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. డబ్బాలన్నీ సంచిలో సర్దాం. తొమ్మిదో డబ్బా ఖాళీగా మిగిలితే నా చీరల మధ్య పెట్టుకున్నాను. అటక మీది డబ్బాలో ఇంకా సగం పైగా లడ్లు ఉన్నాయి. దాన్ని మళ్ళీ కూలర్ పక్కనే పెట్టాం.

మల్కాజ్‌గిరి

మల్కాజ్‌గిరిలో ఉన్నది వరలక్ష్మి గారి పెద్ద తోడికోడలు, అప్పలనరసమ్మ గారు. ఆ ఇంటికి పెద్ద దిక్కు. చుట్టుపక్కల కాలనీల్లో ఉన్న వాళ్ళ బంధువులంతా ఆ ఆదివారం పిల్లాణ్ణి చూడ్డానికి ఆవిడ ఇంటికే వచ్చారు. ఆవిడ ఊరు విడిచి ఎన్నేళ్ళయినా శ్రీకాకుళం యాస మాత్రం విడవలేదు. ఆవపెట్టిన పనసపొట్టు కూర వండించారు. అంత కమ్మగా మా వైపు ఎవరికీ కుదరదు, ఒప్పుకోవాలి. భోజనాలయ్యాక పిల్లాడి చేతిలో నోటు పెట్టించి, అందరూ ముందు గదిలో కూర్చున్నాక శిరీష డబ్బాలు పంచింది. రాజ్యం ఎవరి వైపూ చూడకుండా చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. మళ్ళీ అవునమ్మా, ఇలాగే అనడానికి తయారవుతోందని నాకు తెలుసు.

అప్పలనరసమ్మ గారు మూత తీశారు.

రాజ్యం తల ఎత్తింది. తన చేతి ఉండ తనకి తెలియకుండా పోతుందా? ముందు డబ్బా వైపు, తర్వాత శిరీష వైపు, తర్వాత నా వైపు చూసింది. వరలక్ష్మి గారూ చూశారు. ఆవిడ పెదవులు బిగుసుకున్నాయి.

పెద్దావిడ ఒక లడ్డు నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలారు. "ఏటే వరలక్ష్మీ, ఈ డబ్బాలో ఎప్పుడూ పంచదార ఉండలు కదేటి. ఈపాలి బెల్లపువి ఎట్టినారు." ఇంకొకటి తీసుకున్నారు. "రోట్లో దంచినట్టున్నారే. ఎంత బాగున్నాయో. ఎవులు సేసినారు?"

గదిలో అందరి నోళ్ళలోనూ అదే లడ్డు ఉంది. అందరూ తలలూపుతున్నారు. ఇదీ సమయం, ఇప్పుడు ఒక్క మాట చాలు. మా వియ్యపురాలు చేశారు అంటే చాలు, రెండేళ్ళ ముల్లు ఊడిపోతుంది. వరలక్ష్మి గారు గొంతు సవరించుకున్నారు.

"కొట్టోడేనక్కా. ఈమధ్య మార్చేడు. బాగా చేస్తన్నాడు ఇప్పుడు."

నేను కుర్చీలోంచి లేవబోయాను. శిరీష నా భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. దాని కళ్ళు చెమర్చాయి. దంచిన చెయ్యి అక్కడే, నా పక్కనే, ఒళ్ళో ముడుచుకుని ఉంది. పొగడ్త మాత్రం బీహార్ పిల్లలకి వెళ్ళింది, పాపం వాళ్ళకీ తెలియదు.

"అయితే నాకు నాలుగు డబ్బాలు తెప్పించు," అన్నారు పెద్దావిడ. "మంగళారం మా చెల్లెలు వస్తాది. మర్సిపోకు. ఇయ్యే కావాల, ఆ పచ్చవి కాదు."

వరలక్ష్మి గారు అలాగేనన్నారు.

కాసేపటికి కాఫీ గ్లాసులు పట్టుకుని నేనూ రాజ్యం వంటింట్లోకి వెళితే ఆవిడా వచ్చారు. కుళాయి విప్పారు, కట్టేశారు. నా వైపు చూడలేదు.

"వదినగారూ," అన్నారు రాజ్యంతో. "ఇంకా ఉన్నాయేటండీ?"

నా చెల్లెలికి నోరు లేదని నేను ఎప్పుడూ అనుకుంటాను. గ్లాసు కడిగి బోర్లించి, చెయ్యి పమిటకి తుడుచుకుంది.

"ఉన్నాయండీ," అంది మామూలుగా. "మీ అటక మీద ఉన్నాయి. మీరు పెట్టించిన చోటే."

వరలక్ష్మి గారు తల దించుకున్నారు. రాజ్యం కుడిచెయ్యి పట్టుకుని, అరచేతిలో రోకలికి కాచిన కాయల్ని బొటనవేలితో ఒకసారి తడిమి చూశారు. ముందు గదిలోకి వెళ్ళి, చెప్పాల్సినవాళ్ళ ముందు చెబుతారేమోనని చెవులు రిక్కించాను. అదీ జరగలేదు.

తిరుగు రైలు

సోమవారం మళ్ళీ బేగంపేట వెళ్ళి నాలుగు ఖాళీ డబ్బాలు తెచ్చాను. అటక మీంచి స్టీలు డబ్బా వరలక్ష్మి గారే దింపించారు, ఆవిడే కూర్చుని లడ్లు సర్దారు. పగలకుండా, ఒక్కొక్కటీ రెండు చేతులతో. డబ్బాలో మిగిలినవి వంటింట్లో, చేతికి అందే అరలో పెట్టించారు. శిరీషని పల్లెత్తు మాట అనలేదు. బయల్దేరేటప్పుడు రాజ్యానికి భుజం నొప్పికి తైలం సీసా ఇచ్చారు. ఇదంతా మంచితనమే. కానీ ఆ తైలం ఇచ్చిన నోటితో ఆ ఒక్క మాట నలుగురిలో అనడానికి ఆవిడకి ఏం అడ్డొచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

రైలు కదిలాక రాజ్యాన్ని అడిగాను, నీకు కోపం రాలేదా అని.

"పెద్దావిడ బాగుందంది కదక్కా."

"కొట్టువాడిది బాగుందంది."

"తిన్నది నాదే కదా," అంది. తైలం మూత తీసి భుజానికి రాసుకుని, కిటికీ వైపు తిరిగి పడుకుంది. నేను మాత్రం కూర్చునే ఉన్నాను.

పొద్దున మా వీధి మలుపులో పాలవాడు సైకిలాపాడు. ఎక్కడికెళ్ళారమ్మా అంటే సికింద్రాబాద్ అన్నాను.

"ఏం తెచ్చారు అక్కణ్ణించి?"

సంచిలోంచి మిగిలిపోయిన ఆ ఖాళీ డబ్బా తీసి చూపించాను. కొబ్బరిచెట్టు, పడవ, బంగారు అక్షరాలు.

"మన ఊరి పేరు," అన్నాను. "పదిహేను రూపాయలు."